గెల మాది.. ధర కాకినాడ రేవుది

మా అశ్వారావుపేటల పొద్దుగాల చాయ్ హోటల్ కాడ ఇద్దరు పామాయిల్ రైతులు ఎదురుపడితే బాగోగుల ముచ్చట తర్వాత. ముందుగాల వచ్చే మాట ఒక్కటే: ‘ఈ నెల గెల రేటు ఎంత పెట్టిండ్రే?’ ఎరువుల బాకీ, కాలేజీ ఫీజు, బిడ్డ పెండ్లి ముచ్చట అన్నీ ఆ ఒక్క అంకె చుట్టే తిరుగుతయి. ఆ అంకె కనపడేది ఫ్యాక్టరీ గేటు కాడ. గని పుట్టేది అక్కడ కాదు. నూట డెబ్బై కిలోమీటర్ల అవతల, కాకినాడ సముద్రంల లంగరేసిన ఓడ కడుపుల పుడ్తది.

నాకు ఐదెకరాల తోట ఉన్నది. 1990ల చివర్ల మా నాయన పెట్టిండు. చెట్లు ఇప్పుడు ముసలివైనయి. ఎంత పొడుగు గడకు కొడవలి కట్టినా గెల అందుతలేదు, కోత కూలి ఏటేటా పెరుగుతున్నది. కొట్టేసి కొత్త మొక్క పెట్టాల్నా, పామాయిల్ వద్దనుకొని వేరే పంటకు పోవాల్నా అన్నది మా ఇంట్ల రెండేండ్లుగా తెగని పంచాయితీ. కొత్త మొక్క పెడితే నాలుగేండ్లు చేతికి పైసా రాదు. ఆ తర్వాత పాతికేండ్లు కాస్తది. అంటే ఇప్పుడు నేను తీసుకునే నిర్ణయం నన్ను, నా పిల్లల్ని 2050 దాటేదాక కట్టేస్తది. అడవి అంచున కూసున్నోనికి ఓడరేవు ముచ్చట ఎందుకని నవ్వేటోళ్లకు నా జవాబు ఇదే. నా తోట ఉండాల్నా పోవాల్నా అన్న లెక్కల సగం ఆ రేవులనే ఉన్నది.

అడవికి, సముద్రానికి పాత చుట్టరికం

మాకు హైదరాబాద్ కన్నా కాకినాడ దగ్గర. ఖమ్మం నుంచి సత్తుపల్లి మీదుగా వచ్చే రోడ్డు మా ఊరు దాటంగనే ఆంధ్రల పడ్తది. జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి దాటితే గోదావరి, గోదావరి దాటితే రాజమండ్రి, అక్కడికి గంటన్నరల సముద్రం. రాష్ట్రం గీత 2014ల పడ్డది గని ఈ దారి అంతకంటే చానా పాతది.

మా దిక్కు ఎప్పుడూ రెండు రాజ్యాల నడిమి సందు. అశ్వారావుపేట పాల్వంచ సంస్థానం కింద, నిజాం ఏలుబడిల ఉండె. అవతల భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంల గోదావరి జిల్లా కింద ఉండె. అది ఖమ్మం జిల్లాల కలిసింది 1959ల. 2014ల పోలవరం పేరు మీద కుక్కునూరు, వేలేరుపాడు మళ్ల అటు పోయినయి. గీతలు జరిగినా సరుకు పోయే తొవ్వ మారలేదు. ఒకప్పుడు ఈ అడవుల టేకు దుంగలు, వెదురు గోదావరిల తెప్పలు కట్టుకొని రాజమండ్రికి దిగేటివి. గోదావరి మొగ కాడ కోరంగిల ఓడలు కట్టేటోళ్లు. అంటే మా అడవి చెట్టు ఓడ అయి సముద్రం చూసింది. మా మనిషి చూసుడు తర్వాత సంగతి.

కోరంగి పేరు మనోళ్లు మర్చిపోయిండ్రు గని రంగూన్‌ల మర్చిపోలేదు. ఆ రేవు నుంచి, తర్వాత కాకినాడ నుంచి బర్మాకు కూలికి పోయిన తెలుగోళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేటోళ్లు. 1930ల రంగూన్ డాక్‌ల అల్లర్లయితే ముందుగాల దెబ్బలు తిన్నది ఈ తెలుగు హమాలీలే. రేవు అంటే సరుకు ఒక్కటే కాదు, మనుషుల బతుకు గూడ ఎక్కి దిగే జాగ అన్నది అప్పటి నుంచి ఉన్న మాట.

ఆ కోరంగిని ముంచింది సముద్రమే. 1789 ఉప్పెన ఒకసారి, 1839 తుపాను ఇంకోసారి ఊడ్చేసినయి. సైక్లోన్ అన్న మాటను ఇంగ్లీషుల పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 కోరంగి ఉప్పెన గురించి రాసిండు. తుపాన్లు సగం చంపితే, గోదావరి తెచ్చిన ఇసుక మేట మిగిలిన సగం చంపింది. ఓడలు రాలేక పక్కనున్న కాకినాడకు జరిగినయి. విచిత్రం ఏందంటే, కోరంగిని పూడ్చిన గోదావరి ఇసుకే కాకినాడకు కాపలా అయింది. ఆ ఇసుక పేరుకొని తయారైన హోప్ ఐలాండ్ బంగాళాఖాతం అలలకు అడ్డం నిలబడ్డది. అందుకే ఆ ఇసుక గోడ చాటున ఓడలు నిమ్మళంగ లంగరేస్తయి.

రేవు ఎట్ల పెరిగింది

1852ల ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాంతోటి వచ్చిన కాలువలు నీళ్లకే కాదు, పడవలకు గూడ దారి అయినయి. డెల్టా ధాన్యం కాలువల మీద కాకినాడకు చేరింది. 1861ల అమెరికాల అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు ఆగిపోతే, మన దిక్కు పత్తికి గిరాకీ వచ్చింది. ఆ పత్తికి బయటి మార్కెట్ల ‘కోకనాడ’ అన్న పేరే పడ్డది. ఎక్కడో అమెరికాల తుపాకి పేలితే ఇక్కడ రైతు పత్తికి రేటు వచ్చింది. యుద్ధం ముగిసినంక ఆ రేటు నిలవలేదు. ఈ కథ గుర్తుపెట్టుకోండ్రి, మా గెల కథ గూడ ఇదే.

1933ల విశాఖ రేవు తెరిచినంక కాకినాడ వెనకవడ్డది. అక్కడ ఓడ నేరుగా ఒడ్డుకు ఆనుకుంటది. కాకినాడల ఓడ దూరంల నిలబడితే బార్జీల మీద బస్తాలు మోసుకపోవాలె. ఏండ్లకేండ్లు ఈ లంగరు రేవుతోనే నడిచినంక, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతోటి లోతు రేవు కట్టిండ్రు. 1997ల అది పనిల వడ్డది. రెండేండ్లు తిరగకముందే, 1999ల, దాన్ని ప్రైవేటు కంపెనీ చేతుల పెట్టింది అప్పటి సర్కారు. పాత లంగరు రేవు సర్కారు చేతులనే ఉన్నది. ఇప్పుడు ఒక్క ఊళ్లె రెండు రేవులు, రెండు తీర్ల లెక్కలు. బియ్యం బస్తా ఎక్కువగ బార్జీ ఎక్కుతది, హమాలీ వీపు మీద నడుస్తది. నూనె, బొగ్గు, ఎరువు అసొంటి మోపు సరుకు లోతు రేవుల దిగుతది.

నేను ఒకసారి బియ్యం లారీ ఎంబడి పోయి చూసిన. ఒడ్డు నుంచి చూస్తే ఓడలు దూరంల ఇండ్ల లెక్క కనపడ్డయి. నా పక్కన నిలబడ్డ హమాలీ ‘ఏ ఊరండి మీది?’ అన్నడు. అశ్వారావుపేట అన్న. ‘పామాయిలు ఊరు కదండీ!’ అన్నడు వెంటనే. ఆయనకు మా ఊరు తెలుసు. మాకే ఆయన రేవు తెలువది.

మూడు సరుకులు, మూడు ముడులు

ఈ రేవు మా బతుకును మూడు ముడులేసి కట్టింది.

మొదటిది బియ్యం. తెలంగాణల 2024 వానాకాలంల 150 లక్షల టన్నులకు పైన వడ్లు పండినయని సర్కారు చెప్పింది. గంత పంటను మనమే తినలేం, కేంద్రం అంత కొనదు. బయటికి పంపుడే దారి. 2023 జులైల కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి బందు పెడితే కాకినాడల హమాలీలకు పని పోయింది, ఇక్కడ మిల్లర్ల గోదాంలు నిండినయి. 2024 సెప్టెంబర్ చివర్ల మళ్ల తలుపు తీసిండ్రు. 2025 మార్చి 31న తెలంగాణ సర్కారు ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యంతోటి మొదటి ఓడను కాకినాడ నుంచే పంపింది. మంచి పని. గని అదే దారిల దొంగ బియ్యం గూడ నడుస్తది. 2024 నవంబర్‌ల ఆంధ్ర డిప్యూటీ సీఎం పవన్ కళ్యాణ్ సముద్రంల స్టెల్లా ఓడ కాడికి పోయి ‘సీజ్ ద షిప్’ అన్నది దేశమంతా చూసింది. మా సరిహద్దు రోడ్డు మీద రేషన్ బియ్యం లారీ పట్టుబడ్డదన్న వార్త పేపర్ల రావుడు కొత్త కాదు. పేదోని పళ్లెంల పడాల్సిన బియ్యం ఆఫ్రికా ఓడ ఎక్కుడంటే, దొంగతనం రేవుల మొదలు కాలేదు, రేషన్ షాపు కాడ మొదలైంది. రేవు దాని ఆఖరు మెట్టు.

రెండోది యూరియా. 2025 ఆగస్టుల తెలంగాణ రైతులు చెప్పులు వరుసల పెట్టి యూరియా కోసం నిలబడ్డరు. రామగుండం ఫ్యాక్టరీ ఆగుడు ఒక కారణమైతే, బయటి దేశాల నుంచి రేవులకు రావాల్సిన ఓడలు టైముకు రాకపోవుడు ఇంకో కారణం. అప్పుడు రైతు మొదటిసారి ‘ఓడ ఎప్పుడొస్తది’ అని అడిగిండు.

మూడోది నూనె. ఇదే మా గొంతు కాడి ముడి.

సుంకం మారితే తోట ఊగుతది

మన దేశం తినే వంటనూనెల సగానికి పైన బయట నుంచే వస్తది. ఏడాదికి సుమారు 160 లక్షల టన్నులు దిగుమతి. అండ్ల పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. అది దిగే రేవులల్ల కాకినాడ ఒకటి. రేవు పక్కన వాకలపూడి దిక్కు శుద్ధి ఫ్యాక్టరీలు నిలబడ్డది అందుకే. ఓడల నుంచి ముడి నూనె పైపులల్ల దిగుతది, శుద్ధి అవుతది, ప్యాకెట్ అవుతది, మా ఊరి కిరాణ కొట్టుకే వస్తది. మా ఫ్యాక్టరీల ఆడించిన ముడి నూనె గూడ బజార్ల ఆ దిగుమతి నూనెతోనే పోటీ పడాలె. దానికి వేరే ధర ఉండది. ఓడ నూనె ఎంతకు దిగితే మాదీ ఆ చుట్టుపక్కలనే.

లెక్క చెప్త, జర ఓపిక పట్టండ్రి. 2021ల కేంద్రం 11,040 కోట్లతోటి ఆయిల్ పామ్ మిషన్ తెచ్చింది. అండ్ల ఫ్యాక్టరీ రైతుకు ముడి నూనె ధరల 14.3 శాతం కట్టియ్యాలన్న సూత్రం పెట్టింది. సులువుకు ఓడ మీద నూనె టన్ను లక్ష రూపాయలనుకుందాం. 2024 సెప్టెంబర్ 14న ముడి నూనె మీద సుంకం, సెస్సులు కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచిండ్రు. 2025 మే చివర్ల దాన్నే 16.5కు దించిండ్రు. ఆ దించిన 11 శాతం అంటే టన్ను నూనెకు 11 వేలు. అండ్ల 14.3 శాతం అంటే టన్ను గెలకు పదిహేను వందల పైమాట. ఎకరానికి ఎనిమిది టన్నులు కాస్తదనుకుంటే ఏడాదికి ఎకరాన పన్నెండు వేలు. నా ఐదెకరాలకు అరవై వేలు. ఢిల్లీల ఒక్క కాగితం మీద సంతకం అయింది, ఇక్కడ నా ఇంట్ల ఒక ఏడాది ఫీజు పోయింది. లెక్క సుమారుదే గని దిక్కు మాత్రం అదే.

వెనకకు చూడుండ్రి. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలై సన్‌ఫ్లవర్ నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి బందు పెట్టింది. మా గెల టన్ను 20 వేలు దాటింది. ఊళ్లె కొత్త బండ్లు వచ్చినయి, కొత్త తోటలు వచ్చినయి. నెల తిరగకుండ ఇండోనేషియా తలుపు తీసింది. మరుసటేడు గెల పన్నెండు పదమూడు వేలకు పడ్డది. 2024ల సుంకం పెంచినంక మళ్ల ఎక్కి, 2025 మార్చికి 21 వేల కాడికి పోయింది, అక్కడ నిలవలేదు. మా చెట్టు మారలేదు, మా నీళ్లు మారలేదు, మా చెమట మారలేదు. మారింది ఓడ మీది ధర, రేవు కాడి సుంకం. ఈ రెంటిల ఒక్కటి గూడ రైతు చేతుల లేదు.

ఇక్కడ ఇంకో మాట గూడ ఒప్పుకోవాలె. సుంకం పెంచితే నాకు లాభం, గని అర లీటరు ప్యాకెట్ కొనే కూలి తల్లికి నష్టం. పండుగ ముందట సుంకం పెరిగితే నూనె పిరమైందని మా ఇంట్లనే లొల్లి అయింది. రైతు గూడ నూనె కొనేటోడే. అందుకే సుంకం ఎప్పుడూ ఆకాశంల ఉండాలని నేను అనను. అడిగేది ఒక్కటే: నాలుగేండ్లు ఆగి పాతికేండ్లు కాచే పంటకు, ఎనిమిది నెలలకోసారి మారే నియమం ఎట్ల సరిపోతది? మొక్క పెట్టమని చెప్పింది సర్కారే. మొక్క పెట్టినంక ధర ఓడకు ఒదిలేసింది గూడ సర్కారే.

కొత్త రేవులు, కొత్త రోడ్లు

ఇప్పుడు తీరం పొడుగునా రేవుల పండుగ నడుస్తున్నది. కాకినాడకు ఉత్తరాన తొండంగి మండలం కోన కాడ సెజ్ భూములల్ల ఇంకో రేవు కడుతున్నరు. బందరుల, రామాయపట్నంల, మూలపేటల రేవుల పనులు నడుస్తున్నయి. బందరు కథ మనకు తెలిసిందే. గోల్కొండ నవాబుల నాటి మచిలీపట్నం అది. 1611ల ఇంగ్లీషోళ్లు అక్కడ కొఠీ పెట్టిండ్రు. కలంకారీ బట్ట పర్షియా దాకా పోయింది. 1864 ఉప్పెన ముప్పై వేల మందిని మింగినంక ఆ రేవు మళ్ల లేవలేదు. 2008ల ఒక ముఖ్యమంత్రి, 2019ల ఇంకో ముఖ్యమంత్రి, 2023ల మరో ముఖ్యమంత్రి కొబ్బరికాయ కొట్టిండ్రు. ఆఖరుకు పని కదిలింది. తెలంగాణ సర్కారు గూడ హైదరాబాద్ నుంచి అమరావతి మీదుగా బందరుకు గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, ఒక డ్రై పోర్టు కావాలని ఢిల్లీని అడుగుతున్నది. సముద్రం లేని రాష్ట్రం సముద్రానికి తొవ్వ అడుగుడు తప్పు కాదు. నిజాం కాలం నుంచి ఉన్న ఆశనే అది.

గని హైదరాబాద్‌కు బందరు దగ్గరైతే, మా అడవి అంచుకు కాకినాడ దగ్గర. రాజధాని కండ్లతోటే రేవును చూస్తే సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట లెక్కల రావు. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే వేస్తున్నరు, విశాఖకు పోయే దారి అది. దానికి భూములిచ్చింది ఖమ్మం, సత్తుపల్లి దిక్కు రైతులే. అండ్లకు ఎక్కాలన్నా దిగాలన్నా అక్కడక్కడనే సందు ఉంటది. భూమి ఇచ్చిన ఊరు పక్కనుంచే కంటైనర్ ఉరుకుతది, ఊరోడు చూసుకుంట నిలబడాలె. మా పాత రోడ్డు మీది హోటళ్లు, పంక్చర్ షాపుల సంగతి ఎవలూ అడగలేదు.

రైలు సంగతి ఇంకో తీరు. కొత్తగూడెం నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల పట్టాలు 2022ల పడ్డయి. ఎందుకు? సింగరేణి బొగ్గు మొయ్యటానికి. బొగ్గు కోసం రైలు వచ్చింది, మనుషుల కోసం, గెల కోసం కాదు. అదే పట్టా సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా కొవ్వూరు కలిస్తే కాకినాడకు నేరుగా రైలు తొవ్వ పడ్తది. ఈ కోరిక మా తాతల కాలం నాటిది. ప్రతి ఎన్నికల వింటం, ప్రతి బడ్జెట్‌ల వెతుకుతం.

రేవు కోసం పోగొట్టుకున్నోళ్ల లెక్క గూడ మర్చిపోవద్దు. కాకినాడ సెజ్ కోసం కొత్తపల్లి, తొండంగి మండలాల రైతులు వేల ఎకరాలు పోగొట్టుకొని ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. 2021ల అప్పటి సర్కారు 2,180 ఎకరాలు వాపస్ ఇస్తమని చెప్పాల్సొచ్చింది. ఒడ్డు పొడుగునా వల వేసేటోళ్లు గూడ రేవు గోడ ఎటు పోతదో అని బుగులుతోటి చూస్తున్నరు. పోలవరంల ఊర్లు పోయిన కోయ బిడ్డలను చూసినోళ్లం మేం. ‘అభివృద్ధి’ అన్న మాట వినంగనే ముందుగాల ఎవని భూమి అని అడుగుడు మాకు అలవాటైంది.

మాకేం కావాలె

రేవు వద్దనుడు కాదు నా మాట. రేవు పెరిగినకొద్ది దిగుమతి సులువైతది, దిగుమతి సులువైనకొద్ది గెల ధర మెత్తగైతది. గందుకే రేవును పెంచే సర్కారే గెలకు అడుగు ధర గ్యారంటీ చెయ్యాలె. మిషన్ కాగితంల ‘వయబిలిటీ ధర’ అని రాసిండ్రు, ధర పడితే తేడా కడతమన్నరు. ఆ అంకె పెట్టుబడి లెక్కతోటి ప్రతి ఏడు ముందే చెప్పి, పడ్డ నెలలనే రైతు ఖాతల వెయ్యాలె. సుంకం మార్చేముందు రైతుకు గడువు ఇయ్యాలె, ఒక్క రాత్రిల కాదు. సుంకం మీద వచ్చే పైసలల్ల కొంత వాటా ముసలి తోటలు తిరిగి నాటేటోళ్లకు ఆ నాలుగేండ్లు ఆసరా కావాలె. శుద్ధి ఫ్యాక్టరీ రేవు పక్కనే ఎందుకు, తోటల పక్కన గూడ ఉండాలె. అప్పుడు ప్యాకెట్ మీది లాభంల మా పిలగాండ్లకు గూడ కొలువు దొరుకుతది. సత్తుపల్లి కాడ ఆగిన పట్టా ముందుకు కదలాలె.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. 1861ల అమెరికా యుద్ధంతోటి పత్తి రైతుకు వచ్చిన రేటు యుద్ధంతోనే పోయింది. ఆ కాలంల అడిగే జాగ లేదు, ఓటు లేదు. ఇప్పుడున్నయి. అయినా మన ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలల్ల రోడ్డు, పింఛన్, ఇండ్లు అడుగుతం గని పామాయిల్ సుంకం గురించి ఒక్క సభల గూడ అడగం. ఓడ మనకు కనపడకపాయె, కనపడనిదాన్ని నిలదియ్యకపాయె.

మొన్న వాన వెలిసినంక మా పెద్దోడు తోటల ఒక ముసలి చెట్టు మొదలుకు చెయ్యి ఆనించి నిలబడి, ‘నాయనా, కొడదామా, ఉంచుదామా?’ అని అడిగిండు. నేను చెట్టు దిక్కు చూడలే. ఫోన్ తీసి ఆ నెల గెల రేటు చూసిన. రేటు తెలిసింది గని జవాబు దొరకలే. నాలుగేండ్ల తర్వాత కాకినాడల దిగే ఓడ మీద ఎంత ధర, ఎంత సుంకం ఉంటదో చెప్పేటోడు దొరికిన రోజు వానికి జవాబు చెప్త. అప్పటిదాక గొడ్డలి కొట్టంలనే ఉంటది.